ట్రంక్ కాల్ ఊళ్లు

పెన్షన్ ముప్పై ఒక్క వేలు.
పురసవాక్కంలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె పదహారు.
ఇంటాయన కొడుకు గుమ్మంలోనే నిలబడి
"ఏప్రిల్ నుంచి ఇరవై, ఆంటీ" అన్నాడు,
చెప్పులు విప్పకుండా.

ఆ రాత్రే ఎస్తేరుకి ఫోన్ చేశాను.
ఊరు మారదామే, ఇద్దరం కలిసి.
పన్నెండేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం,
ఒక వాటాలో పట్టమా?
తన గురక సంగతి నేనెత్తలేదు,
నా నోటి సంగతి తనూ ఎత్తలేదు.

పాత డైరీలో గడులు గీసింది:
అద్దె, నీళ్లు, ఆస్పత్రి, తెలుగు ఆరాధన జరిగే చర్చి.
చివర్న, నా పోరు పడలేక, గాలి.

హోసూరు, ఆంబూరు, గుడియాత్తం, సూళ్లూరుపేట.
ఒక్కదాన్నీ కంటితో చూసినదాన్ని కాను,
అన్నిటితోనూ మాట్లాడినదాన్ని.
ట్రంక్ బోర్డు ముందు
చేతిలో తాడు, తాడు కొసన ఒక ఊరు.

హోసూరంటే దగ్గు.
రాత్రి డ్యూటీ ఆయన "మహా చలమ్మా ఇక్కడ" అనేవాడు,
మే నెల్లో, నేనిక్కడ చెమటలు కక్కుతుంటే.
ఆంబూరు లైన్లో ఎప్పుడూ వాన చప్పుడు.
గుడియాత్తమంటే ఒక నవ్వు.
ఎవరమ్మాయో, కాల్ కలవకపోయినా నవ్వేది,
కలవనందుకే నవ్వేదేమో.
సూళ్లూరుపేట మాత్రం అంత సులువుగా పలికేది కాదు.
పదిసార్లు పిలిస్తే ఒకసారి "ఆఁ" అనేది,
అప్పుడే నిద్ర లేచినట్టు.

ఫిబ్రవరిలో బయల్దేరాం.
ఎస్తేరు సంచిలో కందిపప్పు, చిన్న కుక్కరు.
ఏ ఊళ్లో దిగినా ఎవరిదో ఒక పొయ్యి అడిగి
ఆ ఊరి నీళ్లతో ఉడకబెట్టేది.
"పప్పుడకని ఊళ్లో
పళ్లూడినాక ఏం తిని బతుకుతామే?"

ఆంబూరులో తొమ్మిది విజిల్స్. పలుకు పలుకుగానే ఉంది.
హోసూరులో మెత్తగా ఉడికింది గానీ
అడ్వాన్సు పది నెలలదన్నారు,
చలి ఏదని అడిగితే వింతగా చూశారు.

గుడియాత్తంలో అన్ని గడులూ నిండాయి.
ఆరువేల ఐదొందలు, సందు చివర్నే డాక్టరు.
నేను ఊరుకోక టెలిఫోను ఆఫీసు వెతుక్కుంటూ పోయాను.
సగానికి తాళం, సగంలో గోడౌను.
అప్పట్లో ఇక్కడో అమ్మాయి, బాగా నవ్వేది, అన్నాను.
ముసలి వాచ్‌మన్ కాసేపు ఆలోచించాడు.
"అమ్మాయి కాదమ్మా, దిల్లీబాబు. ఆడగొంతు.
పోయి ఎనిమిదేళ్లయింది."

ఆ ఊరు వద్దన్నాను.
ఎందుకో రాయడానికి
డైరీలో గడి లేదు.

సూళ్లూరుపేటలో నాలుగు విజిల్స్.
అద్దె ఐదువేలు, పులికాట్ వైపు నుంచి ఉప్పుగాలి,
ఆరేసిన చీర సాయంత్రానికి గరగర.
గుండె పట్టుకుంటే మాత్రం మద్రాసే రావాలి,
లోకల్ రైల్లో రెండు గంటలు, కూర్చోడానికి చోటు దొరికితే.
"ఆగదా ఏం?" అంది ఎస్తేరు,
"మూడు నిమిషాల మాటకి
మూడు గంటలు ఆపలేదా మనం జనాన్ని?"
నవ్వాను. రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న బ్రోకరు ఫోన్.
కింద నీళ్ల లారీ, బిందెల గోల, డౌటన్ వైపు హారన్లు,
ముప్పై ఏళ్లుగా పప్పుడకని నా ఊరు
ఒక చెవిలో అరుస్తోంది.
రెండో చెవిలో "అమ్మా, లైన్లో ఉన్నారా?
ఇంకో పార్టీ అడుగుతోంది. ఖాయమేనా?"

ఎదుటివాళ్లని లైన్లో ఉండమని చెప్పడమే గానీ
నాకెవరూ చెప్పింది లేదు.
చాలాసేపటికి
"ఆఁ" అని వినబడింది.
నా గొంతే.

ఎస్తేరు అప్పటికే కుక్కరు గాస్కెట్ విప్పి
కడుగుతోంది.